జలపాతంలో అర ఊపిరి

ఓజు,
ఏప్రిల్.

ఎయిజో బాబాయ్‌కి,

చిగుస నమస్కారాలు. గుర్తుపట్టారో లేదో. మీరు ఊరు వదిలి వెళ్ళేనాటికి నాకు పన్నెండేళ్ళు. సాధన చేసే దోజోలో చాప అంచున కూర్చుని, నాన్న మిమ్మల్ని విసిరినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని. మీరు లేచి దులుపుకుంటూ, "గురువుగారూ, మీ అమ్మాయి చూడకుండానే నేర్చేసుకుంటోందండీ" అనేవారు. ఆ అమ్మాయే ఇప్పుడు నాన్న చోట నిలబడి జుజుత్సు చెబుతోంది. నవ్వుకోండి, ఫరవాలేదు.

నాన్న సంవత్సరీకం పోయిన నెలలో అయింది. నిరుడు అంత్యక్రియలకు రాలేకపోయానని, మంచు ఎక్కువగా ఉందని మీరిచ్చిన టెలిగ్రాం చూసి అమ్మ, "మార్చిలో కూడా అంత మంచా" అంది.

ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. సంవత్సరీకానికి మత్సుయమ నుంచి నగోషి గారు వచ్చారు. మన శాఖకు పెద్దిల్లు వాళ్ళదే కదా, ఇప్పుడు పెద్దరికం ఆయనదే. భోజనాలయ్యాక "ఏదీ, మీ పిల్లల్ని ఒకసారి చూపించు" అన్నారు. వరసగా పట్లన్నీ చేయించాను. జలపాతం పట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపారు.

"అమ్మాయ్, ఎదుటివాడు ఎడం పిడికిలితో మీదికొచ్చాడు. మణికట్టు పట్టావు. వాడి చేతి కిందనుంచి తిరిగావు, చేతిని భుజానికెత్తుకున్నావు. బాగుంది. ఇక ఒక్కసారిగా మోకాలి మీద కూలబడాలి. నువ్వు ఆగావు."

"అర ఊపిరి ఆగుతాం అండీ. మణికట్టు వదిలి మోచేతి దగ్గర బట్ట పట్టుకుని, అప్పుడు కూలబడతాం. నాన్న అలాగే నేర్పారు."

"ఆ ఆగడం మా ఇంట్లో లేదు, మా గురువుల ఇంట్లోనూ లేదు. మరి మీ ఇంట్లో ఎక్కడ మొలిచింది?"

కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అక్టోబరులో గుడి ఉత్సవంలో అందరి ముందూ జలపాతం చెయ్యాలట. అప్పటికీ ఆ తప్పు ఉంటే గుమ్మం మీద శాఖ పేరు పలక దించి మత్సుయమ పంపెయ్యాలట. నేర్చుకునేవాళ్ళు కావాలంటే అక్కడికి వెళ్ళి నేర్చుకోవాలట. నాన్న పోయిన ఏడాదికే ఆయన పలక నా చేతుల మీదుగా దిగితే నేను తట్టుకోలేను బాబాయ్.

నాన్న చేతిలో జలపాతం పడిన మన ఇంటి పాత శిష్యుల్లో బతికున్నది మీరొక్కరే. మీ ఇద్దర్నీ చూసే మేమందరం నేర్చుకున్నాం. ఆ అర ఊపిరి నిజమా, మా భ్రమా? మీకు తెలిసినట్టు రాయండి.

మీ
చిగుస


హిరోసకి,
మే.

చిగుసకు,

గుర్తుపట్టకపోవడమేమిటి? కళ్ళు మూసుకున్నావనుకుని నీ ముందు పడరాని పాట్లన్నీ పడ్డాను.

ఇక్కడ ఆపిల్ పూత మీదుంది. ఈకల కుచ్చుతో పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దాలి. ఇల్లరికం వచ్చి ఇన్నేళ్ళయినా మా అత్తగారు తొంభై దాటిన వయసులో వాకిట్లో కుర్చీ వేసుకుని, "అల్లుడుగారు ఆ కొమ్మ వదిలేశారు" అని అరుస్తూనే ఉంటుంది. ఆవిడకి నా పేరు తెలుసని నాకు నమ్మకం లేదు.

నువ్వు అడిగినదానికి జవాబు సూటిగా చెబుతాను. ఆ అర ఊపిరి ఉంది. మీ నాన్నగారి చేతిలో నేను పడ్డ ప్రతిసారీ ఉంది. మణికట్టు మీద పట్టు సడలడం, మోచేతి దగ్గర బట్ట బిగియడం, ఆ తరవాత కాళ్ళ కిందనుంచి నేల పోవడం, ఇప్పటికీ నా వంట్లో ఉన్నాయి. నగోషికి చెప్పు. వయసులో ఉన్నప్పుడు ఆయన మా దగ్గరికొచ్చి బియ్యం బస్తాలా పడేవాడు. బస్తాకి ఆగిందో లేదో ఏం తెలుస్తుంది?

మంచు సంగతి. మీ అమ్మగారు సరిగ్గానే పట్టుకున్నారు. మంచు కాదు.

నీకు తెలియకుండా ఉండటం ఎందుకు. నేను ఆ దోజోలో అందరికంటే ఎక్కువ పడ్డవాణ్ణి. పొద్దున్నే వచ్చి చాపలు తుడిచినవాణ్ణి. కింది వరసలన్నీ అయ్యాక, లోపలి వరస అని ఒకటుంది కదా, చివరిది. అందులో ప్రతి పట్టూ ముందు మనం పడాలి, పడ్డాకే విసరడం నేర్పుతారు, అది శాఖ నియమం. మీ నాన్నగారు నాకది మొదలుపెడతారని ఎదురుచూశాను. ఏళ్ళు చూశాను. నా వెనకాల వచ్చిన తానిగుచికి నేర్పారు, నాకు నేర్పలేదు. అడిగితే "నీకు జలపాతం చాలు" అన్నారు. అదే నెలలో ఇక్కడి సంబంధం వచ్చింది, ఒప్పేసుకున్నాను. విద్య దాచిన గురువు దగ్గరికి శవమయ్యాక మాత్రం ఎందుకు రావాలి అనిపించింది. ఇప్పుడు కోపం లేదు.

ఇట్లు
కురమోచి ఎయిజో


ఓజు,
జూన్.

ఎయిజో బాబాయ్‌కి,

కోపం లేదని రాయడానికి కలం ఎంత గట్టిగా నొక్కారో కాగితం వెనక కూడా కనబడుతోంది. అయినా చెప్పినందుకు సంతోషం. లోపలి వరస మీకు నేర్పలేదన్న సంగతి నాకు తెలియదు. నాన్న నాకది నేర్పారు. మీకెందుకు నేర్పలేదో ఎప్పుడూ అనలేదు.

ఇక్కడ వానలు. చాపలకు బూజు పట్టి దోజో అంతా పాత బియ్యం వాసన వేస్తోంది.

మీ మాట పట్టుకుని మత్సుయమ వెళ్ళాను. నగోషి గారు టీ పోయించి అంతా విన్నారు. బియ్యం బస్తా మాట చెప్పలేదు, భయపడకండి.

"అయితే ఎయిజో ఉన్నాడన్నమాట," అన్నారు. "మంచిదే. కానీ కాగితం మీద పడితే సరిపోదమ్మా, చాప మీద పడమను. ఉత్సవంలో నీకు పడేది ఎవరు?"

"మా పెద్ద విద్యార్థి అండీ."

"నీకంటే చిన్నవాడేగా. నలుగురి ముందు చేసేటప్పుడు మన శాఖలో పడేవాడు ఎప్పుడూ పెద్దవాడే. పెద్దవాడు పడి చూపిస్తేనే చిన్నవాడికి చెయ్యి కుదురుతుంది. నీ చిన్నవాడు నీకు భయపడి నువ్వు విసరకముందే దూకుతాడు. దాన్ని చూసి నేను ఏం తేల్చను?"

"నాకంటే పెద్దవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరండీ ఇప్పుడు."

"ఇప్పుడే చెప్పావుగా ఒకడున్నాడని. రమ్మను. అతను పడగా చూస్తాను. అతని వంట్లో ఆ ఆగడం ఉంటే నేనే తల వంచుతాను."

అదీ బాబాయ్. అక్టోబరంటే మీకు ఆపిల్ కోతలని తెలుసు. అడిగే హక్కు నాకు లేదనీ తెలుసు. అయినా అడుగుతున్నాను. ఒక్కసారి వచ్చి నా చేతిలో పడండి. పలక నిలబడుతుంది. అమ్మ కూడా "వస్తే చామదుంపల పులుసు వండిపెడతానని రాయి" అంది.

మీ
చిగుస


హిరోసకి,
జూలై.

చిగుసకు,

కుడిచేత్తో రాస్తున్నాను, ఎడం చెయ్యి మెడకు కట్టేసుంది. భయపడవలసింది ఏమీ లేదు, కూర్చుని చదువు.

కాయలకు కాగితం సంచులు తొడుగుతున్నాం. నిచ్చెన జారింది. పడుతూ ఎడం చేత్తో కొమ్మ పట్టుకున్నాను. భుజం ఊడిపోయింది. మా అత్తగారు కుర్చీలోంచే, "ఆ నిచ్చెన అల్లుడుగారికంటే పాతది, దానికున్న నెమ్మది ఆయనకి లేదు" అంది.

ఊళ్ళో ఎముకలు కట్టే నరుమి దగ్గరికి తీసుకెళ్ళారు. కుర్రతనంలో జూడో ఆడినవాడు. చెయ్యి అటూ ఇటూ తిప్పి లోపల పెట్టేశాడు. పెట్టి, మళ్ళీ వేళ్ళతో తడిమి చూశాడు.

"ఇది ఇవాళ్టి సంగతి కాదు తాతగారూ. మీ భుజం గుంట పుట్టుకతోనే లోతు తక్కువ. కుర్రప్పుడు జారేది కాదూ?"

"అప్పుడప్పుడూ కలుక్కుమనేది. ఎవరికీ చెప్పలేదు."

"ఏం చేసేవారు?"

"జుజుత్సు. పడేవాణ్ణి. జలపాతం."

అతను పెద్దగా నవ్వాడు. "చెయ్యి పట్టి తలమీదుగా విసిరేదా? దీనితోనా? అబద్ధం. అసలు పద్ధతిలో విసిరితే మొదటిరోజే ఊడి చేతికొచ్చేది. మిమ్మల్ని విసిరినాయన ఎవరో గానీ, భుజం సర్దుకునేదాకా ఆగి, చెయ్యి కాక బట్ట పట్టుకుని విసిరుండాలి. అలా తప్ప కుదరదు."

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడ్చాను. దాచడమెందుకు.

చిగుసా, ఆ అర ఊపిరి జలపాతంలో లేదు. నా భుజంలో ఉంది. ఎవరికీ తెలియదనుకున్నాను. ఆయనకి తెలుసు. లోపలి వరసలో పట్లన్నీ భుజం మెలితిప్పి విసిరేవే కదా. ముందు నేను పడాలి, పడితే పోతాను. అందుకని మొదలుపెట్టలేదు. దాన్ని నేను విద్య దాచడం అన్నాను. ఇన్నేళ్ళు అన్నాను. అంత్యక్రియలకు రాకుండా ఉండిపోయాను.

నగోషి చెప్పింది నిజం. మేలో నేను రాసింది తప్పు. ఈ రోజు నుంచే ఆ ఆగడం తీసెయ్యి, పిల్లలతో తీయించు. అక్టోబరుకు నేను వస్తాను. పడేవాడు పెద్దవాడే కావాలన్నాడు కాబట్టి నేనే పడతాను. ఆగకుండా విసురు. భుజం ఊడితే ఊడుతుంది, నరుమి ఎలా పెట్టాడో చూశాను, నేనే పెట్టుకుంటాను.

ఇట్లు
ఎయిజో


ఓజు,
ఆగస్టు.

ఎయిజో బాబాయ్‌కి,

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. నువ్వుల ముద్దలు చుడుతోంది, చెయ్యి ఆపలేదు.

"ఇప్పుడా తెలిసింది వాడికి," అంది.

"నీకు తెలుసా అమ్మా?"

"వాడొచ్చిన మొదటి నెలలోనే మీ నాన్న చెప్పారు. కుర్రాడి ఎడం భుజం నిలవదు, పైకి చెప్పడు అని. అయితే పంపించెయ్యండి అన్నాను. పంపితే నాకు అంత బాగా పడేవాడు ఎక్కడ దొరుకుతాడు అన్నారు."

"మరి బాబాయ్‌కి ఆ మాట చెప్పొచ్చు కదా."

"చెబితే ఆ క్షణమే మానేస్తాడు, పౌరుషం ఎక్కువ, అన్నారు. చెప్పకపోయినా మానేశాడు. ఆయన పది రోజులు సరిగా తినలేదు."

"బాబాయ్ వెళ్ళాక కూడా నాన్న ఎందుకు ఆగేవారు?"

"చెయ్యి అలా అలవాటు పడిపోయింది. నేను ఓసారి అడిగాను కూడా. నాకు ఇంకోలా రావడం లేదే అన్నారు."

ఇదంతా విన్నాక ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను.

మర్నాటినుంచి మీరన్నట్టు ఆగకుండా సాధన మొదలుపెట్టాం. నిజం చెప్పాలంటే అదే బాగుంది. నీళ్ళు పడ్డట్టే ఉంది, ఎక్కడా అతుకు లేదు. పిల్లలు వీపులు తడుముకుంటూ కూడా "టీచర్, ఇంకోసారి" అంటున్నారు. నాకు చెయ్యి కుదిరింది. కాబట్టి ఇప్పుడు మీరు రానక్కరలేదు. నగోషి గారిని బతిమాలి వాళ్ళింటినుంచి ఒక పెద్దాయన్ని పడటానికి అడుగుతాను. అరవై దాటిన మనిషిని, నెల కిందట భుజం ఊడిన మనిషిని, చెయ్యి పట్టుకుని తలమీదుగా విసరమంటారేమిటి? పలక కోసం నేను ఆ పని చేయను. పులుసుకు రండి, పడటానికి రాకండి.

మీ
చిగుస


హిరోసకి,
సెప్టెంబరు.

చిగుసకు,

టిక్కెట్టు కొన్నాను. నగోషికి విడిగా రాశాను, నీకు పడేది నేనేనని. ఆయన ఒప్పుకున్నాడు. పెద్దింటి మనిషిని అరువు తెచ్చుకుని గెలిస్తే ఆ పలక మనది కాదు.

మీ నాన్నగారు నన్ను కాపాడారు. చెప్పకుండా కాపాడారు. అందువల్ల నేను ముప్ఫై ఏళ్ళు ఒక మంచివాణ్ణి తిట్టుకుంటూ బతికాను. నువ్వు మళ్ళీ అదే పని చెయ్యకు. నువ్వు ఆగితే నగోషి చూస్తాడు, పలక పోతుంది. నా భుజం వల్ల మీ నాన్నగారి చెయ్యి చెడింది, ఇక నా భుజం వల్లే ఆయన పేరు కూడా పోవాలా? ఆ బరువు నా మీద పెట్టకు.

ఇంకొకటి. నా జన్మలో జలపాతం ఒక్కసారి కూడా నిజంగా పడలేదని ఈ వయసులో తెలిసింది. ఒక్కసారి పడాలని ఉంది. దీనికి జవాబు రాయకు.

ఎయిజో


హిరోసకి,
నవంబరు.

చిగుసకు,

వచ్చి చేరాను. కోతలు సగం అయ్యాయి. అత్తగారు "అల్లుడుగారు షికారు తిరిగొచ్చారా" అంది.

నీతో మాట్లాడకుండా వచ్చేశాను. మీ అమ్మగారి పులుసు మాత్రం తిని వచ్చాను, ఆవిడ పక్కన కూర్చుని వడ్డించారు కాబట్టి. రైలు, పడవ, మళ్ళీ రైలు, దారంతా నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. తిట్టుకున్నవి రాయను.

గుళ్ళో ఏం జరిగిందో నా వైపు నుంచి నీకు తెలియాలి. డేరాలో నడుం పట్టీ కట్టుకుంటుంటే నువ్వు నా మొహం చూడలేదు. అప్పుడే అనుమానించాల్సింది. చాప మీదికొచ్చి వంగి నమస్కరించుకున్నాం. నగోషి ముందు వరసలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను పిడికిలితో వచ్చాను. నువ్వు మణికట్టు పట్టావు. తిరగడం చూసి ఆహా అనుకున్నాను, మీ నాన్నకంటే వేగంగా తిరిగావు. నా చెయ్యి నీ భుజం మీదికొచ్చింది. ఇక అయిపోయింది, ఇప్పుడు ఊడుతుంది అనుకుని పళ్ళు బిగించాను.

మణికట్టు మీద పట్టు సడలింది. మోచేతి దగ్గర బట్ట బిగిసింది. భుజం తన చోటుకి తాను సర్దుకుంది. ఆ తరవాత పడ్డాను, ఎప్పట్లాగే, ఏ నొప్పీ లేకుండా.

పడి ఆకాశం చూస్తూ ఉండిపోయాను. మీ నాన్నగారి చేతిలో పడ్డప్పుడు ఆ ఆగడం ఎందుకో నాకు తెలియలేదు. ఈసారి నేల తగలకముందే తెలిసింది.

నగోషి ఏమీ విసుక్కోకుండా, "ఆగింది" అన్నాడు. అంతే. సాయంత్రం పలక దించుతుంటే గుమ్మం కింద నేను కూడా నిలబడ్డాను. ఆయన నా పక్కకొచ్చి, "మీ భుజం ఎలా ఉంది" అని అడిగాడు. ఆయనకెలా తెలుసని అడగలేదు. చూసేవాడు చూస్తాడు.

నాకు ఒక్కటే తెలియాలి. నువ్వు కావాలని ఆగావా, చెయ్యి దానంతట అదే ఆగిందా? కావాలని ఆగితే నా మాట తీసేసినట్టు. చెయ్యి ఆగితే ఏమీ అనను.

ఎయిజో


ఓజు,
డిసెంబరు.

ఎయిజో బాబాయ్‌కి,

కావాలనే ఆగాను. చెయ్యి మీదికి నెట్టి తప్పించుకోను.

ఆగకూడదనే చాప ఎక్కాను. నమస్కరించేటప్పుడు కూడా విసరాలనే ఉంది. మీ మణికట్టు పట్టుకున్నాక మారింది. పడబోయేవాళ్ళు ఎంతటివాళ్ళయినా చేతిలో కాస్త తమకోసం ఉంచుకుంటారు, బిగువు తగులుతుంది. మీ చేతిలో ఏమీ లేదు. మొత్తం ఇచ్చేశారు. విరిస్తే విరవమన్నట్టు ఇచ్చేశారు. అలా ఇచ్చిన చేతిని నేను విరవలేను. నాన్న కూడా అందుకే విరవలేకపోయుంటారు. మీ మాట తీసేశాను, నిజమే. క్షమించమని అడగను, ఎందుకంటే రేపు మళ్ళీ అలాగే చేస్తాను.

ఉత్సవం అయ్యాక వచ్చిన సోమవారం పలక మత్సుయమ వెళ్ళింది. ఏడ్చాను, అమ్మ కూడా ఏడ్చింది. గుమ్మం మీద అది ఉన్నంత మేర గోడ తెల్లగా ఉండిపోయింది. పెద్ద విద్యార్థులు ముగ్గురు నగోషి గారి దగ్గరికి వెళ్ళారు, మర్యాదగా వచ్చి చెప్పి వెళ్ళారు. మిగిలినవాళ్ళు మర్నాడు ఎప్పటి వేళకే వచ్చి చాపలు పరిచారు. వాళ్ళకి జలపాతం ఆగకుండానే నేర్పుతున్నాను. అదే సరైనది.

ఇక అసలు సంగతి. పలక పోయాక ఒకరోజు ఖాళీ దోజోలో కూర్చుంటే తట్టింది. లోపలి వరసలో ముందు పడ్డవాడే తరవాత విసరాలన్నది శాఖ నియమం. నాన్న ఆ పలక కింద ఉన్నారు, దాటలేకపోయారు. నేనిప్పుడు ఏ పలక కిందా లేను. నాకా నియమం లేదు.

విసిరేవాడి భుజానికి ఆ వరసలో ఏ ప్రమాదమూ లేదు బాబాయ్. ప్రమాదమంతా పడేవాడికే. నా భుజాలు రెండూ గట్టివి. కాబట్టి మీరు పడనక్కరలేదు. ప్రతి పట్టూ నేను పడతాను, మీరు విసరండి. మొదటినుంచి చివరిదాకా. మన దగ్గర పడేవాళ్ళే పెద్ద కదా, ఆ లెక్కన నేను మీకు పెద్దదాన్నయిపోతాను. అది మాత్రం ఓర్చుకోండి.

ఆపిల్ పనులు అయిపోయి కొమ్మలు కత్తిరించే దాకా మీకు తీరికే కదా. అత్తగారిని బతిమాలుకుని రండి. ఏ రైలుకో రాయండి, స్టేషనుకు వస్తాను.

మీ
చిగుస